మే నెలలో నాయనకు వేసిన ఆకు

మా ఆఫీసులో ఉగాదికి సెలవు లేదు, జూలై నాలుగుకు ఉంది. మదనపల్లెలో టమోటా మార్కెట్టుకు పోయే దారిలో కింద టైల్స్ షోరూము, పైన మేము. అమెరికాలో ఎవరికో కాలు విరిగితే, ఆ కట్టు కట్టిన ఖర్చును తప్పుల్లేకుండా ఇన్సూరెన్సు కంపెనీకి పంపే పని మాది. అక్కడి ఆఫీసులు మూసిన రోజు ఇక్కడ మాకు పని ఉండదు కాబట్టి వాళ్ల పండగలే మన పండగలని మేనేజరు తేల్చేశాడు. జూలై నాలుగున, అమెరికాకు స్వాతంత్ర్యం వచ్చిన సంతోషంలో, నేను పుంగనూరులో మా మిద్దె మీద దుప్పట్లు ఉతికి ఆరేస్తాను. ఉగాదినాడు మాత్రం చీకటితో లేచి ఓళిగలు కాల్చి, దొరికిన బస్సు పట్టుకుని, ఎవరిదో మోకాలి బిల్లు సరిచేయడానికి పోతాను.

మేనేజరు మదనపల్లెలోనే పుట్టి పెరిగినవాడు. ఒక చలికాలం ట్రైనింగు కోసం అమెరికాలో ఉండి వచ్చాడు. ఆ ఒక్క చలికాలాన్ని పట్టుకుని ఇప్పటిదాకా లాక్కొస్తున్నాడు. నోరు తెరిస్తే ‘అక్కడైతే’ అంటాడు. అక్కడి పండగ పేరు ఒకటి చెవిన పడితే చాలు, మిగతాదంతా ఆయనే అల్లుకుంటాడు.

హాలోవీన్ అని అక్టోబరు చివర్లో ఒక దెయ్యాల పండగ ఉంది. గుమ్మడికాయకు కళ్లూ కోరలూ చెక్కి లోపల దీపం పెట్టాలట. పెద్దపంజాణి నుంచి మంచి కాయే తెప్పించి, ఆడవాళ్లకు చెక్కే పోటీ అన్నాడు. మాలో ఒక్కరూ కత్తి ముట్టలేదు. నిండు గుమ్మడికాయకు మా ఇళ్లలో ఆడవాళ్లు మొదటి దెబ్బ వేయరు, మగవాళ్లు పగలగొట్టి ఇస్తే తర్వాత తరుక్కుంటారు. మేనేజరు బతిమాలాడు, విసుక్కున్నాడు, చివరికి తానే కూర్చుని చెక్కి బొటనవేలు కోసుకున్నాడు. ఆ కోరల కాయను మెట్ల దగ్గర పెట్టి ఇంటికి పోయాడు. పొద్దున డ్యూటీకి వచ్చిన వాచ్‌మన్ దాన్ని చూసి, దిష్టి తీయడానికి తెచ్చి ఎవరో సగంలో వదిలేశారనుకున్నాడు. కుంకుమ అద్ది, కర్పూరం వెలిగించి, మూడుసార్లు తిప్పి నడిరోడ్డు మీద పగలగొట్టాడు. మా ఆఫీసులో జరిగిన పండగలన్నిటిలో మాకు అర్థమైంది అదొక్కటే.

నవంబరులో థాంక్స్ గివింగ్. ఒక్కొక్కరే లేచి నిలబడి, ఎవరికి రుణపడి ఉన్నామో చెప్పి థాంక్స్ చెప్పాలి. మా ఇళ్లలో సొంతవాళ్లకు థాంక్స్ చెబితే వాళ్లు ముఖం ముడుచుకుంటారు, మమ్మల్ని పరాయివాళ్లను చేశావా అని. అందుకని అందరమూ లేచి మేనేజరుకే చెప్పాము. ఆయన నిజమేననుకుని కళ్లు తుడుచుకున్నాడు. ఆ రోజు అక్కడ టర్కీ కోడిని తింటారట, ఆ ఆకారంలో కేకు కావాలని బేకరీకి ఫోటో పంపించాడు. బేకరీవాడు ఆ విప్పిన తోక చూసి, పాపం, నీలం రంగు పూసి నెమలిని చేసి పంపాడు. జాతీయ పక్షి మెడ కోసి తలా ఒక ముక్క తిన్నాము.

ఇవన్నీ బస్సులో తలుచుకుని నవ్వుకోవడానికి పనికొచ్చేవి. మెమోరియల్ డే అనే పండగను మాత్రం నేను నవ్వి వదిలేయలేకపోయాను. దానికి కారణం మా నాయన.

మాది రామసముద్రం పక్క పల్లె, గొర్రెలు మేపుకునే ఇల్లు. నాయన పోయాక గొర్రెలు అమ్మేశారు. నా తమ్ముడు కుప్పంలో గ్రానైటు పాలిషింగు యూనిట్ పెట్టుకుని అక్కడే ఉంటున్నాడు, అమ్మ కూడా వాడి దగ్గరే. మా వైపు పెద్దల అమావాస్య అంటే పోయినవాళ్లకు అన్నం పెట్టే రోజు. ఫోటో ముందు అరిటాకు వేసి, కొత్త బట్టలు పెట్టి, వాళ్లు ఇష్టపడి తిన్నవన్నీ వడ్డించి, అగరొత్తులు వెలిగించి, ఇంట్లోవాళ్లంతా బయటికి వచ్చి తలుపు మూస్తారు. పోయినవాళ్లు తినేటప్పుడు బతికున్నవాళ్లు చూడకూడదు. కాసేపటికి కొడుకు తలుపు తట్టి తెరుస్తాడు. ఆ తర్వాతే మిగతావాళ్ల భోజనాలు.

మొదటి ఏడు నా తమ్ముడు ఊరంతా ఫ్లెక్సీలు కట్టి ఘనంగా చేశాడు. ఆ మరుసటేడు వాడికి తీరిక లేకపోయింది. ఒక ఆశ్రమం వాళ్లకు ఫోనులో డబ్బు పంపితే, నాయన పేరు చెప్పి ముసలివాళ్లకు భోజనం పెడతారట. పెట్టినట్టు ఫోటో కూడా పంపిస్తారు. వాడు ఆ ఫోటోను మా బంధువుల గ్రూపులో పెట్టి చేతులు దులుపుకున్నాడు. ఎవరో పెద్దవాళ్లు వరసగా కూర్చుని సాంబారన్నం తింటున్నారు, వెనక గోడకు నాయన ఫోటోతో బ్యానరు. ముసలివాళ్లకు అన్నం పెట్టడం మంచి పనే, నేను కాదనను. కానీ నాయనకు సంగటి లేకపోతే అది భోజనమే కాదు. సాంబారన్నాన్ని ఆయన ఆసుపత్రి తిండి అనేవాడు. ఆ ఏడు, ఆ తర్వాతి ఏడు కూడా ఆయన ముందు ఆకు పడలేదు.

నేను పెడదామంటే పెళ్లయిన కూతుర్ని. నా చేత్తో వండిన వంట మా అత్తగారింటి పెద్దలకు పోతుంది. ఒకసారి మా అత్తను అడిగాను, ఆ ఫోటోల పక్కన మా నాయనకూ ఒక ఆకు వేస్తానని.

“మా పెద్దోళ్ల పక్కన మీ నాయన యాలమ్మా? కొడుకు రాయిలాగ ఉండాడు కదా. కొడుకుండంగా కూతురు పెడితే, వాడు సచ్చినాడని లెక్క” అంది అత్త.

ఆమె మాటలో తప్పు లేదు, ఊరంతా అనేదే అనింది. నాకు మాత్రం ఒళ్లు మండింది. కొడుకు గ్రానైటు యూనిట్ పెట్టి రాయిలాగే ఉన్నాడు గానీ, నాయన ఆకలితో ఉన్నాడన్న ఆలోచన నన్ను బస్సులో, వంటింట్లో, బిల్లుల మధ్యలో కూడా వదల్లేదు. ఒక్కసారి ఆయన ముందు ఆకు పడాలి. నాకు కావలసింది అంతే.

అలాంటి రోజుల్లో, మే నెలలో, మేనేజరు దగ్గర నుంచి అందరికీ మెయిలు వచ్చింది. మెమోరియల్ డే అంటే అమెరికాలో చనిపోయినవాళ్లను గుర్తు చేసుకునే రోజు. అక్కడ సోమవారం సెలవు కాబట్టి మనం శుక్రవారం సాయంత్రమే చేసుకుందాం, క్లయింటు మేడం కూడా వీడియోలో వస్తారు. అందరూ మీ ఇంట్లో పోయినవాళ్ల ఫోటో ఒకటి, వాళ్లకు ఇష్టమైన వంటకం ఒకటి తీసుకురండి.  అది చదివి నా పక్క సీటులో కూర్చునే అమ్మాయి, కుప్పం వైపు పిల్ల, నెమ్మదిగా అంది:

“అక్కా, ఇది మన పెద్దల పండగే కదా!”

ఇక చెప్పాల్సిన పని లేకుండా పోయింది. అంతవరకు ఏ పండగకూ లేవని ఆడవాళ్లు ఆ పండగకు లేచారు. ఆకులు నేను తెస్తానంటే నేను తెస్తానని పోట్లాడుకున్నారు. నేను మా అత్తకు ఆఫీసు వాళ్లు పెట్టమన్నారని చెప్పాను. జీతమిచ్చేవాళ్లు చెబితే మా అత్తకు అదే శాస్త్రం. “అమెరికా వాళ్లు పెట్టమన్నారంటే పెట్టాల్సిందే” అని తానే సంగటికి రాగిపిండి తీసిచ్చింది. కన్నకూతురు అడిగితే రాని అనుమతి, వాషింగ్టన్ నుంచి వచ్చేసరికి చేతిలో పడింది.

శుక్రవారం తెల్లారే తలకాయ కూర వండాను. నాయన గొర్రె తలకాయను తినే తీరు వేరు, ఎముక ఎముకకూ మర్యాద చేసేవాడు. సంగటి ముద్ద, ఊరిబిండి పచ్చడి, ఉడకబెట్టిన చెనక్కాయలు, ఒక బీడీ కట్ట. క్యారియరు ఒళ్లో పెట్టుకుని పుంగనూరులో బస్సెక్కాను. కూర వాసనకు పక్కసీటు ఆయన మూడుసార్లు నా వైపు చూశాడు. నేను క్యారియరు మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను, ఆ వాసన కూడా ఎవరికీ పోకూడదన్నట్టు.

సాయంత్రానికి మీటింగు రూము గుర్తుపట్టలేకుండా అయింది. పొడవాటి బల్ల మీద ఇరవైకి పైగా ఫోటోలు, ప్రతి ఫోటోకూ దండ, ముందు ఆకు. ఒకామె వాళ్ల అవ్వకు వక్కాకు పెట్టింది. ఒక పిల్ల పేపరులో చుట్టిన సీసా ఒకటి తీసి వాళ్ల నాయన ఫోటో ముందు పెట్టింది.

“ఇది ఆఫీసమ్మా! మందు పెట్టకూడదు” అన్నాడు మేనేజరు.

“అట్లయితే మా నాయన రాడు సార్” అంది ఆ పిల్ల.

ఆయన అటూ ఇటూ చూసి, ఫోటో వెనక పెట్టుకోమన్నాడు. పొగకు అలారం మోగకుండా సీలింగుకు ప్లాస్టిక్ కవరు కట్టించింది కూడా ఆయనే. కొవ్వొత్తులూ చిప్స్ పళ్లేలూ ఉంటాయనుకుని వచ్చిన మనిషి, ఈ ఏర్పాటంతా చూసి మొదట నీరసపడ్డాడు. తర్వాత జేబులోంచి వాళ్లమ్మ ఫోటో తీసి, ఎవరినీ అడక్కుండా, ఒక ఆకు లాగి చివర్లో వేసుకున్నాడు.

ఆరు గంటలకు గోడమీది టీవీలో క్లయింటు మేడం వచ్చింది. తెల్ల జుట్టు, చేతిలో కాఫీ కప్పు. మేనేజరు ఇంగ్లీషులో ఆహ్వానించాడు. నేను ఆమె వైపు చూడలేదు. నాయన ఆకులో సంగటి ముద్ద పెట్టి, దాని మధ్యలో గుంట చేసి కూర పోశాను.  అందరూ వడ్డించారు, అగరొత్తులు వెలిగించారు, దండం పెట్టుకున్నారు. తర్వాత ఏం చేయాలో మాకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. అందరమూ వెనక్కి తిరిగి, ఒకరి వెనక ఒకరు బయటికి వచ్చి తలుపు మూసేశాం. మేనేజరు కూడా చేతులు కట్టుకుని, తల వంచుకుని మాతోనే వచ్చేశాడు. పుట్టినప్పటి నుంచి చేస్తున్న పని, కాళ్లు వాటంతట అవే బయటికి నడిచాయి.

వరండాలో నిలబడ్డాక ఆయనకు స్పృహ వచ్చింది.

“మేడం!” అన్నాడు. “మేడం లోపలే ఉండాది!”

అంతే, అమెరికా ఇంగ్లీషు అంతా రాలిపోయి మదనపల్లె బయటపడింది. తలుపు పిడి మీద చెయ్యి వేశాడు. నలుగురం అడ్డం పడ్డాం.

“తీయొద్దు సార్. తింటాండారు.”

“క్లయింటమ్మా, క్లయింటు! ఖాళీ రూములో ఆమెను కూర్చోబెట్టి వచ్చినాం!”

“మీ అమ్మ కూడా తింటాండాది సార్” అన్నాను నేను.

ఆయన పిడి వదిలేశాడు. ఆ కాసేపు ఆయన ముఖం చూడాలి! ఒకవైపు డాలర్లు, ఇంకోవైపు కన్నతల్లి. చెమట తుడుచుకుంటూ, గడియారం చూసుకుంటూ, చెప్పుల్లేని కాళ్లతో వరండా అంతా తిరిగాడు. నాకు ఆయన మీద ఆ ఒక్కసారే కొంచెం గౌరవం కలిగింది, తలుపు తీయలేదు కదా అని. చివరికి ఆయనే తట్టి తెరిచాడు.

మేడం అలాగే ఉంది. కాఫీ కప్పు పక్కన పెట్టేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. వీళ్లంతా సైనికులేనా, ఏ యుద్ధంలో పోయారు అని మెల్లగా అడిగింది. మెమోరియల్ డే అంటే యుద్ధాల్లో చనిపోయిన సైనికుల రోజని మాకు అప్పుడు తెలిసింది. మేనేజరుకూ అప్పుడే తెలిసింది. చలికాలంలో పోయి వచ్చినవాడికి మే నెల పండగ ఎలా తెలుస్తుంది? కానీ తెలియదని ఒప్పుకుంటే ఆయన మేనేజరు ఎందుకవుతాడు? అవును మేడం, అందరూ సైనికులే అన్నాడు. వక్కాకు ముందున్న ముసలవ్వతో సహా! మా నాయన భుజం మీద గొర్రెల కర్ర ఉన్న ఫోటోను చూపించి, ఈయన సరిహద్దులో కాపలా కాశాడు అన్నాడు. ఆమె కళ్లు వాల్చి, దేశం కోసం ఆయన చేసిన త్యాగానికి కృతజ్ఞతలు అంది.

 ఇంతకాలానికి నాయన ముందు ఆకు వేస్తే, ఆ ఆకును ఎవరో తెలియని సైనికుడికి రాసిచ్చేస్తున్నారు. నాయన తుపాకీ పట్టలేదు. అడవిలో గార్డు కనిపిస్తే గొర్రెలను తోలుకుని పరుగెత్తేవాడు. నాకు వచ్చిన ఇంగ్లీషులో గట్టిగానే చెప్పాను. ఈయన మా నాయన, సైనికుడు కాదు, గొర్రెలు మేపేవాడు, జ్వరం వచ్చి మంచంలో పోయాడు, ఈ భోజనం ఆయనకు. మేనేజరు నా వైపు చూసిన చూపుకు వేరే వాళ్లయితే ఉద్యోగం మానేసేవాళ్లు.

మేడం ముందుకు వంగి నాయన ఫోటోను ఇంకోసారి చూసింది. మరి మీరంతా ఎందుకు బయటికి పోయారు అని అడిగింది. ఎవరైనా చూస్తుంటే వాళ్లు తినరు, అందుకు పోయామన్నాను. ఆమె చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. నేను చూస్తూ ఉన్నాను కదా, నాకు తెలియదు, కెమెరా ఆపేయాల్సింది, నన్ను క్షమించమని మీ నాన్నకు చెప్పు అంది. నాయనకు క్షమాపణ చెప్పిన మనిషిని నేను చూడటం అదే మొదలు. నాకు ఏడుపొచ్చింది, అందరి ముందూ ఏడ్చాను.

తర్వాత ఆమె తన సంగతి చెప్పింది. వాళ్ల తాత నిజంగానే యుద్ధంలో పోయాడట. సోమవారం సమాధి మీద చిన్న జెండా గుచ్చి వస్తారట, ఆ తర్వాత చుట్టాలంతా చేరి ఆరుబయట నిప్పుల మీద మాంసం కాల్చుకుని తింటారట. ఆయనకు ఏం పెడతారని కుప్పం పిల్ల అడిగింది. ఆయనకేమీ పెట్టం, మేమే తింటాం అంది మేడం. మా వాళ్లందరూ పాపం పాపం అన్నారు. అంత పెద్ద దేశం, ప్రాణమిచ్చిన మనిషికి జెండా ఇచ్చి సరిపెట్టి, మాంసం వీళ్లు తింటారు. పరుపులు తక్కువ ధరకు అమ్మే రోజు కూడా అదేనని తర్వాత తెలిసింది. నా తమ్ముడు ఆ దేశంలో పుట్టాల్సినవాడు.

మా హెచ్చార్ అమ్మాయి ఆ సాయంత్రమే ఫోటోలు తీసి ఫేస్‌బుక్‌లో పెట్టింది. దండలూ ఆకులూ, వాటి మధ్యలో కర్ర పట్టుకుని మా నాయన, పక్కన నేను. ఆదివారం తమ్ముడు ఫోన్ చేశాడు.

“అక్కా, ఏంది నువ్వు చేసిన పని? నేను బతికే ఉండాను కదా, నాయనకి నువ్వు యాల పెట్టినావు?”

“ఆఫీసులో పెట్టమన్నారు, పెట్టినా.”

“చిన్నాయన ఫోన్ చేసి, ఏమప్పా ఉండావా పోయినావా అని అడగతాండాడు. నా పరువేం కావాల?”

“నీ పరువుకు ఆకలి కాదులే. నాయనకి అయితాది.”

“ఆశ్రమంలో పెట్టిస్తానే ఉండా కదా?”

“ఆడ తినేది ఎవురి నాయనలోరా, మన నాయన కాదు” అని ఫోన్ పెట్టేశాను.

సెప్టెంబరులో పెద్దల అమావాస్య రాకముందే వాడు బంధువుల గ్రూపులో చాటింపు వేశాడు, ఈసారి కుప్పంలో తన ఇంట్లోనే నాయనకు పెడుతున్నానని. నేను సెలవు అడిగితే, ఆ పండగ మన క్యాలెండరులో లేదంది హెచ్చార్. జీతం కోసుకోమని చెప్పి, అత్తగారింట్లో ముందురోజే అన్నీ సర్దిపెట్టి, పలమనేరు మీదుగా కుప్పం పోయాను. వాడి ఇల్లు జనంతో నిండిపోయి ఉంది. ఫోటోగ్రాఫరును కూడా పిలిచాడు. కొత్త పంచె మీద షాపు స్టిక్కరు అలాగే ఉంది. తలకాయ కూర హోటలు నుంచి ప్లాస్టిక్ సంచిలో వచ్చింది. అమ్మ ఒక మూల కుర్చీలో కూర్చుని, ఆ సంచినే చూస్తూ ఉంది.

“ముందర ఏది వడ్డించాలక్కా?” అని అడిగాడు తమ్ముడు. చెప్పాను. వడ్డించాడు. ఫోటోగ్రాఫరు ఇంకోసారి వడ్డించమంటే ఇంకోసారి వడ్డించాడు. అగరొత్తులు వెలిగించి అందరం బయటికి వచ్చాం, వాడు తలుపు దగ్గరికి లాగాడు. వచ్చినవాళ్లు ఫోన్లు తీసుకుని వరండా అంతా పరుచుకున్నారు. వాడు మాత్రం తలుపు ముందే నిలబడ్డాడు. కాసేపటికి నా పక్కకు జరిగి, ఎవరికీ వినబడకుండా అడిగాడు.

“వచ్చింటాడా అక్కా?”

ఆ గొంతులో పరువూ లేదు, గ్రానైటూ లేదు. వాడి కళ్లు తలుపు మీదే ఉన్నాయి. వచ్చుంటాడులే అంటే సరిపోయేది, వాడు ఆ ఒక్క మాట కోసమే అడిగాడని నాకు తెలుసు. నా నోటికి ఆ మాట రాలేదు.

“నాకేం తెలుసు. మే నెల్లో నా దగ్గర కడుపునిండా తినిపోయినాడు. ఇప్పుడు ఆకలి ఉండాదో లేదో” అన్నాను.

వాడు తల దించుకున్నాడు. సమయమైంది, తలుపు తట్టమని చిన్నాయన వెనకనుంచి చెప్పాడు. తట్టాల్సింది కొడుకు. వాడి చెయ్యి లేవలేదు. నేనే ముందుకు పోయి తట్టాను.